రెప్ప వేస్తేనే ఖాతానా?

'బ్యాంకుకి రానక్కర్లేదు, నిమిషాల్లో ఖాతా' అంటాయి ప్రకటనలు. నిజమే... అన్నీ కుదిరితే!

తెలుగువాళ్లకి తొలి తంటా ఇంటిపేరే. ఆధార్‌లో పొడి అక్షరం, పాన్‌లో పూర్తిపేరు. మనిషైతే ఇట్టే పోల్చుకుంటాడు. యంత్రం మాత్రం 'పేర్లు కలవడం లేదు' అని మొండికేస్తుంది. అదీ దాటి ఆధార్ ఓటీపీతో ఖాతా తెరిచారా? అది అరకొర ఖాతానే. నిల్వ లక్ష రూపాయలు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో జమలు 2 లక్షలు దాటకూడదు. ఏడాదిలోగా పూర్తి కేవైసీ తప్పనిసరి.

ఇంటి నుంచే అదీ చేసుకునేందుకు 2020 జనవరిలో రిజర్వుబ్యాంకు వీడియో కేవైసీకి అనుమతిచ్చింది. బ్యాంకు ఉద్యోగికి పాన్ చూపిస్తూ అడిగినవాటికి జవాబు చెప్పాలి. మధ్యలో కాల్ తెగితే కథ మళ్లీ మొదటికే!

ఎదుట ఉన్నది నిజమైన మనిషేనని తేల్చుకోవడానికి కొన్నిచోట్ల రెప్ప వేయమంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవాళ్లు ఎలా వేస్తారు? ఈ ప్రశ్న సుప్రీంకోర్టుకి చేరింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేననీ, రెప్పపాటుకి ప్రత్యామ్నాయం ఉండాలనీ 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పిచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఖాతా తెరవాలనుకుంటే, ముందు ఆ రెండు కార్డుల్లోనూ పేరు ఒకేలా ఉందేమో చూడండి. సగం తిప్పలు అక్కడే తప్పుతాయి.