ఊపిరి కూడా హక్కే

పిల్లలకు ఆయాసం వస్తే మన ఇళ్ళల్లో మొదట నింద పడేది తల్లి మీదే. చల్లనివి పెట్టింది, దుమ్ములో ఆడనిచ్చింది, సరిగా చూసుకోలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తల్లుల దగ్గర ఈ మాట నేను పదేపదే విన్నాను. ఆ పిల్లలు పీల్చే గాలి ఎలా ఉందని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు.

ఉబ్బసం ఉన్న పిల్లల శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి. పొగ, దుమ్ము తగలగానే వాటి చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. లోపల గళ్ళ చేరి దారి సన్నబడుతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. బొగ్గు, డీజిలు, కట్టెలు కాలినప్పుడు వచ్చే అతి సన్నని రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. ఒంటి బరువుతో పోల్చితే పెద్దలకంటే పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు. వాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా ఎదిగే దశలోనే ఉంటాయి. ఆ ఎదుగుదల అప్పుడు కుంటుపడితే తర్వాత పూడ్చుకోవడం కష్టం.

ఎర్రగుంట్ల, ముద్దనూరుల మధ్య కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994లో మొదలైంది. ఇప్పుడు దాని సామర్థ్యం 1650 మెగావాట్లు. ఆ చుట్టుపక్కలే సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి పాలిష్ మిషన్లు. 2024లో థర్మల్ బూడిద ఎవరు తోలుకోవాలని జమ్మలమడుగు, తాడిపత్రి నాయకులు తగువు పడ్డారు. ఆ బూడిద ఎవరు పీలుస్తున్నారని అడిగిన నాయకుడు నాకు కనిపించలేదు.

పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార గనులు నడిచాయి. రాతినార కార్మికుల కేసులో 1995లో సుప్రీంకోర్టు, కార్మికుల ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని చెప్పింది. కాలుష్యం లేని గాలి ఆ హక్కులోదేనని 1991లోనే చెప్పింది. మరి ఇంట్లో, బడిలో దుమ్ము పీల్చే బిడ్డ మాటేమిటి?

లండన్‌లో ఎల్లా అనే 9 ఏళ్ళ పాప 2013లో ఉబ్బసంతో చనిపోయింది. తల్లి రోజమండ్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2020 డిసెంబరులో మరణ విచారణాధికారి ఆ చావుకు వాయు కాలుష్యమూ కారణమని తేల్చారు. తల్లి అడగకపోతే అది ఒట్టి జబ్బుగానే మిగిలేది.

మనమూ అడగాలి. గాలి కొలిచిన లెక్కలు తెలుగులో ప్రతి బడి గోడ మీదా ఉండాలి. బూడిద లారీలు పట్టలు కప్పకుండా కదలకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇన్‌హేలర్లు ఎప్పుడూ దొరకాలి. కట్టెల పొయ్యి ఊదే ప్రతి ఇంటికీ గ్యాసు అందాలి. ఇంట్లో మనం చెయ్యాల్సిందీ ఒకటుంది: సంబంధాలు చెడతాయని ఆడపిల్లకు ఇన్‌హేలర్ మాన్పించడం ఆపాలి.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. కాలుష్య నియంత్రణ మండలికి మొదటి దరఖాస్తు ఈ మూడు ఊళ్ళ మహిళా సంఘాల నుంచే వెళ్ళాలి.