తలనొప్పి – తగిన వైద్యుడు

"తలగడ మారిస్తే తలనొప్పి పోతుందా?" అని తెలుగువారి సామెత. కారణాన్ని కనుగొనక పైపై మార్పులతో తృప్తిపడేవారిని ఉద్దేశించి పెద్దలు పలికిన మాట ఇది. తలనొప్పి విషయంలోనే ఇది నేటికీ అక్షరాలా వర్తిస్తున్నది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం తెలుగువారికి చిరపరిచితం. లేపనం ఉపశమనం కలిగించవచ్చును గాని, నొప్పికి కారణాన్ని చెప్పజాలదు.

వైద్యశాస్త్రం తలనొప్పులను ప్రధానంగా రెండు తెగలుగా విభజించింది. నొప్పియే వ్యాధియైనవి మొదటి తెగ. వేరొక వ్యాధికి లక్షణంగా వచ్చేవి రెండవ తెగ. మొదటి తెగలో తల చుట్టూ పట్టీ బిగించినట్లుండే నొప్పి సర్వసాధారణం. మానసిక ఒత్తిడి, నిద్రలేమి దీనిని ప్రేరేపిస్తాయి. పార్శ్వపు నొప్పి తరచుగా ఒకవైపున పోటు పెడుతూ, వికారం కలిగిస్తూ, వెలుతురును, శబ్దాన్ని సహింపనీయక 4 గంటలు మొదలు 72 గంటల వరకు బాధిస్తుంది. దీనినే సైనస్ నొప్పిగా పొరబడి ఏళ్ల తరబడి ముక్కుకు చికిత్స పొందేవారున్నారు.

కనుక రోగి తానే నిర్ణయించుకొని నిపుణుల చుట్టూ తిరగడం కంటె, మొదట జనరల్ ఫిజీషియన్‌ను సంప్రదించడమే ఉత్తమం. ఆయన రక్తపోటు చూచి, నొప్పి తీరును విచారించి, ఎవరి వద్దకు పంపాలో నిర్ణయిస్తాడు. జ్వరంతోపాటు ముక్కు నుండి చిక్కని స్రావం వస్తే చెవి, ముక్కు, గొంతు వైద్యుని, పార్శ్వపు నొప్పి అదుపులోనికి రాకుంటే న్యూరాలజిస్టును చూడవలసి ఉంటుంది. కన్ను ఎఱ్ఱబడి, చూపు మసకబారి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడితే మాత్రం ఆలస్యం చేయక కంటి వైద్యుని చేరాలి. ఇతర లోపమేదీ లేని పార్శ్వపు నొప్పికి సాధారణంగా మెదడు స్కానింగు అవసరముండదు.

సొంత వైద్యం మరింత ప్రమాదకరం. తరచుగా తలనొప్పి వచ్చేవారు నెలకు 15 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలను మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి. క్షణాలలో భరింపరానంతగా పెరిగిన నొప్పి, మాట తడబడటం, కాలుచేతులు పట్టు తప్పటం, జ్వరంతో మెడ బిగుసుకొనటం ప్రాణాపాయ సూచనలు. అప్పుడు వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఏబది ఏళ్లు దాటినవారికి కొత్తగా వచ్చిన తలనొప్పిని ఉపేక్షింపరాదు.

పార్శ్వపు నొప్పి పురుషులలో కంటె స్త్రీలలోనే అధికం. కంటికి కనబడని బాధ గనుక ఇంటివారు దానిని పని తప్పించుకొనే సాకుగా భావించడం అన్యాయం. నొప్పిని నమ్మి, నొప్పి వచ్చిన వేళలను, వేసుకొన్న మాత్రలను వ్రాసి ఉంచి, సకాలంలో వైద్యుని వద్దకు తీసికొనిపోవడం కుటుంబ ధర్మం.