వివాదం రాకముందే అడిగి రాసుకుందాం

మొహర్రం మాసంలో నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే లక్షలాది మందికి బారాషహీద్‌ల కథ తెలుసు. గండవరం వద్ద యుద్ధంలో తలలు తెగిన పన్నెండుగురు వీరుల మొండాలను గుర్రాలు ఈ చెరువు గట్టు దాకా మోసుకొచ్చాయన్న ఆ కథను జనం నోళ్లే కాపాడాయి. అల్లూరు నుంచి వాకాడు దాకా సముద్రం అంచు పల్లెల్లో సరుగుడు తోటల పక్కనున్న ఖబరస్తాన్‌లకు, ఏడాదికొకసారి తెరుచుకునే పీర్ల చావిళ్లకు ఆ భాగ్యం లేదు. వాటి సంగతి ఊరికి ఇద్దరు ముగ్గురు వృద్ధులకే తెలుసు. ఒక్కొక్క జనాజాతో ఆ సంఖ్య తగ్గుతోంది.

ఈ మాట ఇప్పుడే అనడానికి కారణముంది. 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, పత్రం లేకున్నా దీర్ఘకాల వాడుకను బట్టి స్థలాన్ని వక్ఫ్‌గా గుర్తించే సూత్రాన్ని ఇకపై లేకుండా చేసింది. అప్పటికే నమోదైనవాటిని ఉంచుతూనే, వివాదంలో ఉన్నవాటినీ ప్రభుత్వ భూమి అన్నవాటినీ మినహాయించింది. సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనలను నిలిపింది గాని, దీనిని నిలపలేదు. పల్లె ఖబరస్తాన్ దస్త్రంలో పోరంబోకుగా ఉండటం ఎంతటి చిక్కో తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కిన వారికి చెప్పనక్కరలేదు.

మరి నోటిమాటకు విలువ ఉందా? ఉంది. ప్రజలందరికీ సంబంధించిన హక్కు గురించో ఆచారం గురించో తెలిసి ఉండదగిన వ్యక్తి చెప్పిన మాట, ఆయన మరణానంతరం కూడా సాక్ష్యానికి పనికివస్తుందని 1872 నాటి సాక్ష్య చట్టం 32వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 26వ సెక్షన్‌లోనూ అదే ఉంది. అయితే ఒక షరతు: ఆ మాట వివాదం పుట్టకముందు చెప్పినదై ఉండాలి. కంచె పడ్డాక, నోటీసు అందాక పెద్దాయన మంచం దగ్గరికి పరుగెత్తి తీసుకున్న వాంగ్మూలం ఈ కోవలోకి రాదు.

ఇందుకు సంస్థల కోసం ఎదురుచూడనక్కరలేదు. డిగ్రీ చదువుతున్న పిల్లల చేతిలో ఫోనుంది. తేదీ, పేరు, వయస్సు ముందుగా పలికించి, నడవగలిగిన వారినైతే ఆ స్థలానికే తీసుకువెళ్లాలి. హద్దు ఏ చింతచెట్టు? గోరీలు ఎవరు తవ్వేవారు? చావిట్లో దీపానికి నూనె ఎవరు పోసేవారు? ఏ సంవత్సరమని అడిగితే తడబడే పెద్దలు, 1989 కావలి తుఫానుకు ముందా తర్వాతా అంటే తడబడరు. 1984 గాలివాన, 2004 సునామీ, బకింగ్‌హాం కాలువలో సరకు పడవలు తిరిగిన రోజులు, ఇవే వారి పంచాంగం.

ఆడవారిని అడగడం మరువరాదు. ఒక ఊళ్లో మేము మగవారిని గంటసేపు అడిగినా తేలని హద్దును, పొయ్యి దగ్గర కూర్చున్న జేజి ఒక్క మాటలో తేల్చింది. తొలి బిడ్డను పాతిపెట్టిన చోటును ఆమె మరువలేదు. పీరునెత్తిన, గుండం తవ్విన హిందూ పొరుగువారి మాటనూ నమోదు చేయాలి. ఆ జ్ఞాపకం వారిది కూడా.

పీర్ల చావిడి గురించి మనకెందుకని మన యువకుల్లో కొందరు అంటున్నారు. అది షరీఅత్‌కు సమ్మతమా కాదా అన్నది వేరే చర్చ. అక్కడ ఒక స్థలం ఉంది, దానికొక చరిత్ర ఉంది. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగడం అంతకంటే పెద్ద తప్పు. "తూర్పు చెక్క మనది కాదు, ఆసామి వాడుకోనిచ్చాడు" అని పెద్దాయన అంటే, దానినీ ఉన్నదున్నట్టు ఉంచాలి. దాచిన మాట ఒకటి బయటపడితే మిగిలిన తొంభైతొమ్మిదినీ ఎవరూ నమ్మరు.

రికార్డింగు ఒక్క ఫోనులోనే ఉండిపోరాదు. మసీదు కమిటీ వద్ద ఒక ప్రతి, పొరుగూరి బంధువు వద్ద ఇంకొక ప్రతి ఉండాలి. వచ్చే జుమా నాడు, సఫ్ చివర కుర్చీ వేసుకుని నమాజు చదివే పెద్దల పక్కన కాసేపు కూర్చుందాం. చిన్న ఊళ్లో వారు నలుగురైదుగురికి మించరు.