దాన్ని కాలితో కూడా నీళ్లలోకి నెట్టకండి

కొల్లేరు సరస్సు పక్కన, ఆకివీడు దగ్గర ఒక చేపల చెరువు. తెల్లవారుజామున పట్టుబడి మొదలైంది. వల దగ్గరికి లాగేసరికి బొచ్చెలు, శీలావతుల మధ్య నల్లమచ్చల చేప ఒకటి మెలికలు తిరుగుతోంది. ఒళ్లంతా గరుకు పెంకు, తల అడుగున గుండ్రటి నోరు, రెక్కల ముందు గట్టి ముల్లు. దాన్ని వలలోంచి విడదీయబోయిన కూలీ వేలు చీరుకుపోయింది. తిట్టుకుంటూ గట్టు మీదికి విసిరేశాడు. ఎండెక్కాక చూస్తే ఆ చేప నోరు ఇంకా ఆడుతూనే ఉంది. అటుగా వెళ్తున్న పిల్లాడొకడు జాలిపడి కాలితో కాలువలోకి నెట్టాడు. ఆ కాలువ వెళ్లి ఉప్పుటేరులో కలుస్తుంది.

ఈ హెచ్చరిక అందుకే.

అది దెయ్యం చేప. పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. అక్వేరియం గాజుకు పట్టిన నాచు నాకేస్తుందని మనమే కొని ఇంటికి తెచ్చుకున్నాం, పెరిగి తొట్టె చాలనప్పుడు మనమే కాలువలో వదిలాం. నీళ్ల బయట గంటల తరబడి ప్రాణం నిలుపుకుంటుంది. గట్ల పక్కన బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దాంతో గట్టు లోపల్నుంచి గుల్లవుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలిన డీఎన్‌ఏను బట్టి దీని జాడ పట్టే పద్ధతి తయారుచేసి వెతికితే, తూర్పు కనుమల జలవనరుల్లో 60 శాతం చోట్లకు ఇది చేరిందని తేలింది. ప్యూర్టో రికోలో దీన్ని మింగబోయి, గొంతుకు అడ్డంపడి గూడబాతులు చనిపోయినట్టు 1990లలోనే నమోదైంది. కొల్లేటి ఆటపాకలో గూళ్లు కట్టుకునే మన గూడబాతులూ చేపను నమలవు, మింగుతాయి.

కొల్లేరుకు ఈ బెడద ఒక్క చేపతో మొదలైంది కాదు. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. పువ్వు బాగుందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు. ఎరువుల నీళ్లు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. దాని విత్తనం బురదలో ఏళ్ల తరబడి చావకుండా పడి ఉంటుంది. వరద వచ్చినప్పుడల్లా ఇది కొట్టుకొచ్చి పెదయడ్లగాడి వంతెన ఖానాలకు అడ్డం పడుతుంది. నీళ్లు దిగువకు కదలక లంక గ్రామాల రోడ్లు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీళ్లూ చివరికి కొల్లేటికే రావాలి. ఇక కేంద్రం 2000లోనే నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను కోడి వ్యర్థాలు మేపి దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. గట్టు తెగితే అది చెరువులో ఆగదు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి పిల్లలున్న నీళ్లలోకే వస్తుంది.

1999లో కొల్లేటిని అభయారణ్యం అన్నాం, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరిందని సంబరపడ్డాం, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టించాం. ఏ రకం ఎక్కడ ఎంత పెరిగిందో ఊరూరా తిరిగి ఏటా రాసిపెట్టే పని మాత్రం ఎవరూ భుజాన వేసుకోలేదు.

ఆ పనికి మనుషులున్నారు. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునూ అందులో భాగం చేశారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, భీమవరం కాలేజీల పిల్లలు కొల్లేటికి బస్సు దూరంలో ఉన్నారు. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. అయినా జరుగుతున్నదేమిటి? కొల్లేరు మొక్కల మీద ఒక ప్రాజెక్టు రిపోర్టు ఈమధ్య నా చేతికొచ్చింది. చక్కటి అట్ట, మంచి మార్కులు. లోపల సగం పేజీలు ఇంకో రాష్ట్రంలోని సరస్సువి, పేరు ఒక్కటే మార్చారు. ఆ పిల్లాడిని తప్పుపట్టబుద్ధి కాలేదు. అతన్ని దోనె ఎక్కించిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. అధ్యాపకులారా, దయచేసి ఈ ఏడాది అలాంటి రిపోర్టు మీద సంతకం పెట్టకండి. తప్పుడు లెక్క అసలు లెక్క లేకపోవడం కంటే ప్రమాదం. ఆ కాగితం చూసి, ఫలానా చోట దెయ్యం చేప లేదని ఎవరో నమ్ముతారు.

లెక్క రాయడానికి కొల్లేటికి వెళ్లే పిల్లలకు ఒక మాట. మీ బకెట్టే ఈ బెడదను మోసుకెళ్లగలదు. ఒక చెరువులో ముంచిన వలను అలాగే ఇంకో చెరువులో ముంచితే, గుర్రపుడెక్క తునక ఒక్కటి అంటుకుని వెళ్లినా చాలు. ప్రతి చోటా వల, బూట్లు, బకెట్టు దులిపి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాకే తర్వాతి చోటికి వెళ్లండి. బతికున్న నమూనాను గదికి తేవద్దు. అభయారణ్యం హద్దులో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. గుర్రపుడెక్క పచ్చికలా కనిపిస్తుంది, కింద లోతు తెలియదు, పాములుంటాయి. ఊళ్లో పెద్దాయన ఒకరు తోడు లేకుండా దిగవద్దు. ఆయన్నే అడగండి, ఏ చేప ఏ ఏడాది నుంచి వలకు తగలడం మానేసిందో. లంకల్లో వల వేసే ముసలివాళ్లకు గుర్తున్నంత ఏ కాగితంలోనూ లేదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు వెదురు చట్రం నీటి మీద వేసి లోపలి మొక్కలు లెక్కపెట్టండి. నెల తర్వాత అదే చోట మళ్లీ లెక్కపెట్టండి.

చేపల రైతులు పట్టుబడి రోజున వలలో పడ్డ కొత్త రకాన్ని దాచవద్దు. అది మీ తప్పు కాదు. నీళ్లు తోడి వదిలే తూముకు సన్నకన్ను జాలీ బిగించండి. ఇళ్లలో అక్వేరియం ఉన్నవాళ్లు, చేప ఎంత ముద్దొచ్చినా సరే, కాలువలో వదలవద్దు. కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి.

కొల్లేటిలో కలిసే తమ్మిలేరుకు వరద రాకముందే ఈ పని మొదలవ్వాలి. వరద నీళ్లు గట్ల మీదుగా పొర్లాక ఏ చెరువు చేప ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు. ఇవాళ గట్టు మీద దెయ్యం చేప కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. తేదీ, ఊరు, చెరువు పేరు రాసుకోండి. తర్వాత దాన్ని చంపి, నీటికి దూరంగా గుంట తీసి పూడ్చండి.