వెనక సీటు ఎక్కకుండా బండి కొనకండి

బెంగళూరులో స్పోర్ట్ టూరర్ కొందామనుకున్న వాళ్ళ చేతిలో ముందుగా పడేది ఒక పట్టిక. ఎన్ని సీసీలు, ఎంత పవరు, ఎంత టార్కు, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, టాప్ స్పీడు ఎంత. యూట్యూబు వీడియోల్లో, షోరూము బ్రోచర్లలో, ఆఫీసు క్యాంటీన్ కబుర్లలో అదే పట్టిక తిరుగుతూ ఉంటుంది. ఎనిమిది లక్షలు, పది లక్షలు పోసి కొనే బండి కూడా ఆ ఐదు అంకెల మీదే తేలిపోతోంది. అమ్మేవాళ్ళకు అనుకూలమైన అంకెల్ని కొనేవాళ్ళ నోట పలికించడమే ఇది. దీన్ని నేను మోసమనే అంటాను.

లెక్క చూడండి. టామ్‌టామ్ సంస్థ లెక్కల ప్రకారం 2023లో బెంగళూరు నడిబొడ్డున పది కిలోమీటర్లు వెళ్ళడానికి సగటున 28 నిమిషాల 10 సెకన్లు పట్టింది. అంటే గంటకు 21 కిలోమీటర్లు. ఊరు దాటి హైదరాబాదు వైపు వెళ్ళే ఎన్‌హెచ్ 44 ఎక్కితే, 2018లో కేంద్రం పెట్టిన పరిమితి ప్రకారం నాలుగు వరసల రోడ్డు మీద మోటారు సైకిలు 80 దాటకూడదు. ఇరవయ్యొకటికీ ఎనభైకీ మధ్య బతకబోయే బండిని, రెండొందలు దాటాక ఎలా ఉంటుందో చూసి ఎంచుకుంటున్నాం!

అసలు మనవాళ్ళు ఈ బండ్లు ఎందుకు కొంటున్నారు? మారతహళ్ళి, బీటీఎం, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురంలో అద్దె ఇళ్ళలో ఉంటున్న తెలుగు పిల్లల్ని అడగండి. పండగ ముందు ప్రైవేటు బస్సులవాళ్ళు చెప్పే టికెట్ ధరలు భరించలేక, అనంతపురమో కర్నూలో కడపో చిత్తూరో సొంత బండి మీద వెళ్ళిపోదామని. సెలవు దొరికితే లేపాక్షి, గండికోట, హార్స్‌లీ హిల్స్ తిరిగి రావచ్చని. అలాంటి ప్రయాణాల్లో బండి మీద ఒక్కరే ఉండడం అరుదు. వెనక భార్య ఉంటుంది, లేదా స్నేహితుడు ఉంటాడు, చెల్లెలు ఉంటుంది. పక్కన రెండు బ్యాగులు. స్పోర్ట్ టూరర్ అనే జాతి పుట్టిందే అందుకు. వంపుల్లో చురుగ్గా ఒదగాలి, రోజంతా నడిపినా నడుం పట్టేయకూడదు, వెనక మనిషినీ సామాన్నీ మోయాలి. మన దేశంలో ఈ కోరికకు రూపం ఇచ్చింది 2003లో వచ్చిన హీరో హోండా కరిజ్మా. 223 సీసీల బండి. దాని మీద ఇద్దరిద్దరు కూర్చుని దూరాలు వెళ్ళారు. ఇరవై ఏళ్ళలో ఇంజన్లు పెరిగాయి, డిజిటల్ తెరలు వచ్చాయి, వెనక సీటు మాత్రం చిక్కి శల్యమైపోయింది.

ఒకసారి షోరూములో మెరుస్తున్న ఏదో ఒక బండి పక్కన నిలబడి ఆ వెనక సీటును చూడండి. చూపుడు వేలు చివర నుంచి మణికట్టు దాకా ఉండే పొడవు. ముందుకు వాలిన చెక్కలాంటి గట్టి ఫోము. తోక పైకి లేచి ఉంటేనే అందమని దాన్ని ముందు సీటు కంటే జానెడు ఎత్తున పెడతారు. ఫుట్‌రెస్టులు ఎంత పైన ఉంటాయంటే మోకాళ్ళు పక్కటెముకల దాకా వస్తాయి. బ్రేకు వేసిన ప్రతిసారీ వెనకామె ముందుకు జారుతుంది. నడిపేవాడి నడుము మీదుగా చేతులు చాచి ట్యాంకు మీద అరచేతులు ఆనించి తన బరువు తానే ఆపుకోవాలి. దేవనహళ్ళి దాటేసరికి మణికట్లు లాగుతాయి. బాగేపల్లి టోలు రాకముందే తుంటి తిమ్మిరెక్కుతుంది. అనంతపురం ఇంకా వంద కిలోమీటర్ల పైనే ఉంటుంది. ఆమె ఇదంతా ఓర్చుకుంటుంది, దిగాక కూడా ఏమీ అనదు, రెండోసారి మాత్రం బస్సులో వస్తానంటుంది. లక్షలు పోసి కొన్న టూరర్ ఆ రోజుతో ఒంటరి మనిషి బండి అయిపోతుంది.

చట్టం ఈ విషయాన్ని వదిలేయలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లో 123వ నియమం ఉంది. వెనక కూర్చునేవాళ్ళు పట్టుకోవడానికి ఊడని పిడి ఉండాలి, కాళ్ళకు ఫుట్‌రెస్టులు ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం దాకా కప్పే కవచం ఉండాలి. మూడు స్పష్టమైన మాటలు. ఈ దేశంలో చీరలు కట్టుకుని, చున్నీలు వేసుకుని బండెక్కే కోట్లమంది ఆడవాళ్ళ ప్రాణాల కోసం రాసిన మాటలు. మన పోలికల్లో ఎప్పుడైనా ఈ మూడింటికీ ఒక గడి ఉందా? 2016 జనవరి నుంచి కర్ణాటకలో వెనక కూర్చునేవాళ్ళకూ హెల్మెట్ తప్పనిసరి. అలా వాళ్ళ తల ప్రభుత్వం లెక్కలోకి వచ్చింది. వాళ్ళు కూర్చునే చోటు మాత్రం ఇంకా ఎవరి లెక్కలోకీ రాలేదు.

సరైన పోలిక ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. కవాసాకీ నింజా 650, వర్సిస్ 650. రెండింట్లోనూ అదే 649 సీసీ, రెండు సిలిండర్ల ఇంజను. నింజా బరువు 196 కిలోలు, వర్సిస్ 219. ధర కూడా వర్సిస్‌దే ఎక్కువ. పట్టిక చూసేవాళ్ళకు ఇది ఒక్క నిమిషం పని: అదే ఇంజను, తక్కువ బరువు, తక్కువ డబ్బు, చూడ్డానికి రేసు బండి, కాబట్టి నింజా. ఇప్పుడు ట్యాంకులు చూడండి. నింజాకు 15 లీటర్లు, వర్సిస్‌కు 21. లీటరుకు ఇరవై కిలోమీటర్ల లెక్కన ఒకటి 300 దగ్గర ఆగుతుంది, రెండోది బెంగళూరులో నింపితే కర్నూలు దాటుతుంది. వర్సిస్‌లో వెనక స్ప్రింగును చేత్తో తిప్పి బిగించే పిడి ఉంది. వెనక మనిషి, సామాను ఎక్కినప్పుడు పనిముట్లు అక్కర్లేకుండా బండిని మళ్ళీ సమంగా నిలబెట్టుకోవచ్చు. ఆ పిడి విలువ, ఇద్దరు ఎక్కి, వెనక భాగం కుంగిపోయి, హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదురొచ్చే లారీ అద్దం మీద పడుతున్నప్పుడు తెలుస్తుంది. వర్సిస్‌దే పైచేయి అని కూడా నేను చెప్పడం లేదు. దాని సీటు ఎత్తు 845 మిల్లీమీటర్లు, నింజాది 790. అయిదున్నర అడుగుల మనిషి వెనక ఒకరిని ఎక్కించుకుని సిల్క్‌బోర్డు దగ్గర అంగుళం అంగుళం కదులుతుంటే, వేళ్ళ కొసల మీద అంత బరువును ఆపడం చిన్న విషయం కాదు. అందుకే ఇద్దరూ ఎక్కి చూడాలి అంటున్నాను. కాగితం మీద ఇది తేలదు.

ఆ ఎక్కి చూడటమే మనకు దొరకనివ్వరు. నేనొక పెద్ద షోరూముకు వెళ్ళి టెస్ట్ రైడ్ అడిగితే ముందు బుకింగ్ అడ్వాన్సు కట్టమన్నారు. కట్టకుండా చాలాసేపు వాదించాక ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, బండికి గీత పడినా బాధ్యత నాదేనట. చివరికి దొరికింది సర్వీసు రోడ్డు మీద ఒక యూటర్న్. మూడో గేరు పడకముందే వెనక్కి వచ్చేశాం. నా భార్యను వెనక ఎక్కించుకుంటానంటే కంపెనీ నిబంధన ఒప్పుకోదన్నారు. ఇద్దరి కోసం అమ్మే బండిని ఇద్దరూ ఎక్కి చూడకూడదని నిబంధన పెట్టే హక్కు వీళ్ళకు ఎవరిచ్చారు? చీర కొనేటప్పుడు పది మడతలు విప్పించి, వెలుగులోకి పట్టుకెళ్ళి చూసే మనం, ఏళ్ళ తరబడి ఈఎంఐ కట్టబోయే వస్తువు దగ్గర ఇంత అణిగిమణిగి ఎందుకుంటున్నాం?

దారి సంగతి కూడా షోరూము నేల మీద తెలియదు. ఆషాఢంలో పెనుకొండ వైపు వెళ్ళి చూడండి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది అక్కడ గాలి అంత బలంగా వీస్తుంది కాబట్టే. ఆ గాలి పక్క నుంచి వచ్చి కొడుతుంటే తేలికైన బండి ఒక్కసారిగా పక్కకు జరుగుతుంది. సరిగ్గా ఆ క్షణాన లారీని దాటుతుంటే, లారీ చాటున గాలి ఆగి, దాటగానే రెట్టింపై తగులుతుంది. ముందు తెర ఎత్తు మీ భుజాల కొలతకు సరిపోకపోతే గాలి హెల్మెట్ కింద దూరి తలను ఊపుతుంది, మెడ పట్టేస్తుంది. ఇక వేడి. హెబ్బాళ దగ్గర ఆగిన ట్రాఫిక్‌లో పెద్ద ఇంజను రేడియేటరు ఫ్యాను తిరగడం మొదలుపెడితే ఆ సెగ నేరుగా తొడల మీదికి వస్తుంది. వేసవిలో కర్నూలు చేరేసరికి ఇది ఎంతవుతుందో ఊహించుకోండి. తెర ఎత్తు, ఫ్యాను గాలి ఎటు పోతుంది, ఇద్దరితో కలిపి బండి మోయగల మొత్తం బరువెంత, టైర్లలో ఒక్కరికి ఎంత గాలి ఇద్దరికి ఎంత గాలి అని చైన్ కవరు మీద ఉండే స్టిక్కరు. బండి మంచిచెడ్డలు వీటిలో ఉన్నాయి. పట్టికలో ఉన్న సున్నా నుంచి వంద లెక్క ఎన్‌హెచ్ 44 మీద ఏ పూటా మిమ్మల్ని ఆదుకోదు.

ప్రభుత్వం చేసేది ఇంకో అన్యాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన ప్రతి మోటారు సైకిలు మీదా 40 శాతం జీఎస్టీ. అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. 373 సీసీల బజాజ్ డామినార్‌కూ 1340 సీసీల సుజుకీ హయబూసాకూ ఒకటే పన్ను! జీతం మీద బతికేవాళ్ళు ఊరికి వెళ్ళడానికి కొనే బండినీ, కోటీశ్వరులు సరదాకు కొనే బండినీ ఒకే గాటన కట్టారు. దాని మీద కర్ణాటకలో లక్ష దాటిన బండికి 18 శాతం జీవితకాలపు రోడ్డు పన్ను, ఆ పన్ను మీద మళ్ళీ సెస్సు. ఇంత కట్టించుకున్న తర్వాత మంచి రోడ్డు మీదికి రానివ్వరు. బెంగళూరు–మైసూరు రహదారిని 2023 మార్చి 12న ప్రారంభించారు, ఆగస్టు 1 నుంచి ఆటోలు, ట్రాక్టర్లతో పాటు మోటారు సైకిళ్ళనూ బయటికి నెట్టారు. హైదరాబాదు చేరితే అక్కడ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీదా అడుగు పెట్టనివ్వరు.

వేగాల్లో తేడా వల్ల ప్రమాదమని అధికారుల వాదన. ప్రమాదం నిజమే. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 74,897 మంది టూవీలర్ల మీద వెళ్ళినవాళ్ళు. నేను ఆ అంకెను తేలిగ్గా తీసుకోను. అందుకే అడుగుతున్నాను: అడ్డరోడ్లు లేని, ఎదురుగా ఎవరూ రాని రోడ్డు నుంచి తీసి, రాంగ్ రూట్లో ట్రాక్టరు వచ్చే, చెప్పకుండా స్పీడ్ బ్రేకర్ వచ్చే సర్వీసు రోడ్డు మీదికి తోస్తే ఆ ప్రాణాలు నిలుస్తాయా? జపాన్‌లో 125 సీసీ దాటిన మోటారు సైకిలు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కవచ్చు. జర్మనీలో 60 కిలోమీటర్ల వేగం దాటగలిగే బండి ఆటోబాన్ ఎక్కవచ్చు. మలేసియాలో ఫెడరల్ హైవే వెంబడి మోటారు సైకిళ్ళకే విడిగా దారి వేశారు. పన్ను వేసేటప్పుడు సీసీల గీత గీయడం తెలిసిన ప్రభుత్వానికి రోడ్డు ఇచ్చేటప్పుడు అదే గీత గీయడం చేతకాదా?

ఈ నిషేధం కొనేవాళ్ళ లెక్కనే మార్చేసింది. మనకు మిగిలింది సర్వీసు రోడ్లు, పాత స్టేట్ హైవేలు, ఎన్‌హెచ్ 44. అక్కడ గతుకులు తట్టుకునే సస్పెన్షన్ కావాలి, కిందికి తగలని ఎత్తు కావాలి, గుత్తిలోనో డోన్‌లోనో చైను తెగితే చేయి వేయగల మెకానిక్ కావాలి. నాలుగు సిలిండర్ల పెద్ద బండికి టైర్ల జత మార్చడమే ముప్పై వేలు దాటుతుంది, సర్వీసుకు మళ్ళీ బెంగళూరో హైదరాబాదో రావాల్సిందే. నెలకోసారి ఊరికి వెళ్ళి వచ్చేవాళ్ళకు నా మాట ఒకటే. 200 నుంచి 400 సీసీల మధ్య, వెనక సీటు వెడల్పుగా ఉన్న, దారిలో ప్రతి ఊళ్ళోనూ సర్వీసు ఉన్న కంపెనీ బండి కొనండి. డామినార్, గిక్సర్ ఎస్ఎఫ్ 250, కరిజ్మా ఎక్స్ఎంఆర్, పక్కనే హోసూరులో టీవీఎస్ తయారు చేసే బండ్లు ముందు ఎక్కి చూడండి. అవి చాలవని మీ ఒళ్ళు చెబితేనే పైకి వెళ్ళండి. మిగిలిన డబ్బుతో ఇద్దరికీ మంచి హెల్మెట్లు, జాకెట్లు వస్తాయి.

షోరూముకు ఒంటరిగా వెళ్ళకండి. వెనక కూర్చోబోయే మనిషిని తీసుకెళ్ళండి. ఆమెను పది నిమిషాలు కదలకుండా ఆ సీటు మీద కూర్చోబెట్టి, ఎక్కడ నొక్కుతోందో అడగండి. సేల్స్‌మన్ మీతోనే మాట్లాడుతుంటే ఆపి, ఆమెతో మాట్లాడమనండి. నిండు ట్యాంకుకు పెట్రోలు డబ్బులు మీరే ఇస్తామని చెప్పి, ఆదివారం తెల్లవారుజామున ఇద్దరూ ఎక్కి చిక్కబళ్ళాపురం దాకా వెళ్ళి వచ్చే టెస్ట్ రైడ్ అడగండి. రాతపూర్వకంగా అడగండి, కాదంటే కాదనే మాట కూడా రాసివ్వమనండి. పది మంది అలా అడిగిన షోరూము పదకొండో మనిషికి బండి ఇస్తుంది. అంతదాకా అడ్వాన్సు మీ జేబులోనే ఉంచుకోండి.