ఆదివారం పిల్లలది

“భరణం పంపడం లేదు, బిడ్డను ఎందుకు చూపించాలి?” “బిడ్డను చూపించడం లేదు, భరణం ఎందుకు కట్టాలి?” విడిపోయిన దంపతుల మధ్య ఈ రెండు వాదనలూ ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. రెండూ చెల్లనివే. భరణం బిడ్డ పోషణకు. విజిటేషన్, అంటే బిడ్డను కలిసే వీలు, బిడ్డకు అమ్మానాన్నలిద్దరూ దక్కడానికి. ఒకటి ఆగితే దానికోసం కోర్టుకెక్కాలే తప్ప, రెండోదాన్ని తాకట్టుగా పట్టుకోకూడదు.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటూనే, అన్నిటికీ మించి బిడ్డ క్షేమం చూడమంది. అమెరికాలో కాపురం చెదిరిన ఓ జంట కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్లింది. బిడ్డ తమ దగ్గర లేని తల్లికో తండ్రికో రోజూ ఐదు పది నిమిషాలైనా వీడియో కాల్‌లో మాట్లాడే వీలుండాలంది. తండ్రి డల్లాస్‌లో, బిడ్డ గుంటూరులో అమ్మమ్మ ఇంట్లో ఉన్న కుటుంబాలకు ఆ పది నిమిషాలే ఆధారం.

చిక్కు ఉత్తర్వు రాసే తీరులో ఉంది. తమిళనాడులో రెండేళ్ల పాపను తండ్రికి చూపించడానికి కోర్టు ఉత్తర్వు ప్రకారం తల్లి ప్రతి ఆదివారం మదురై నుంచి కరూరుకు తీసుకెళ్లాల్సి వచ్చింది. పోనూ రానూ దాదాపు 300 కిలోమీటర్లు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని మార్చి, మదురైలోనే చూడమంది. తండ్రి హక్కు పోలేదు, పాపకు ప్రయాణం తప్పింది. పెద్దల వాటాలు తేల్చడం కాక పసిదాని ఒంటి గురించి ఆలోచిస్తే ఉత్తర్వు ఇలా ఉంటుంది. కొట్టే తండ్రో, హింసించే తల్లో ఉన్నచోట మూడో మనిషి సమక్షంలోనే కలవాలి, అవసరమైతే కలవడమే ఆగాలి. ఆ కొలతా బిడ్డ క్షేమమే.

2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీకి చట్టంలో చోటివ్వమంది. ఆ సవరణ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవాళ్లకు మామూలుగా ఆరు నెలల గడువుంటుంది. వకీళ్లు ఆ గడువంతా భరణం అంకె మీదే బేరమాడతారు. సంక్రాంతి ఎవరింట్లో, వేసవి సెలవులు ఎన్నాళ్లెక్కడ, ఎవరు తీసుకొచ్చి దింపాలి, ఛార్జీలు ఎవరివి, ఒక వారం తప్పితే బదులు ఏ రోజు అన్నవి కూడా అప్పుడే రాసుకోవాలి. పిల్లలున్న జంట ఈ పట్టిక దాఖలు చేయకపోతే జడ్జి డిక్రీ ఇవ్వకుండా వెనక్కి పంపాలి.