అద్దె రసీదు

బెంగుళూరులో మా మేడమీది వాటాలో ఒక ప్రయివేటు బడి పంతులు ఉండేవాడు. అద్దె నెలకు 8,000. జీతంలో ఇంటద్దె అలవెన్సు లేదు. అటువంటివారికి ఆదాయపు పన్నులో ఇచ్చే అద్దె మినహాయింపు పరిమితిని 2016 బడ్జెట్టులో ఏడాదికి 24,000 నుంచి 60,000 రూపాయలకు పెంచారు.

"బాబాయిగారూ, రసీదులిస్తే నాకు పన్ను తగ్గుతుంది" అన్నాడు ఆ ఏడు.

నా అద్దె రాబడి లెక్కకెక్కుతుందని "చూద్దాంలే" అని దాటవేశాను.

మా ఆవిడ కాగితం తీసి లెక్క వేసింది. అతని ఏడాది ఆదాయం 4,20,000. అద్దె 96,000లోంచి ఆదాయంలో పదోవంతు తీసేస్తే మినహాయింపు 54,000. పన్నులో మిగులు 5,400.

"మీ 'చూద్దాంలే' ఖరీదు అతనికి ఇరవై రోజుల అద్దె" అంది.

సిగ్గేసింది. పన్నెండు రసీదులూ రాసిచ్చాను. నా పన్నూ కట్టాను.

2020లో వచ్చిన కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపు లేదు. 2023-24 నుంచి, మనం పాతది కోరుకోకపోతే కొత్తదే వర్తిస్తోంది. అందులో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడదు గనుక చిన్న జీతగాళ్లకు బెంగ లేదు. అంతకు మించినవాళ్లు రెండు లెక్కలూ వేసి చూసుకోవాలి.

ఇళ్లున్న మనం మాత్రం అడగకముందే రసీదు రాసిద్దాం. ఇచ్చిన డబ్బుకు కాగితం అడగడం తప్పు కాదుగా!